పై అంతస్తు రాత్రి కూడా కాగుతోందా? క్యాంపస్ భవనాలకు సమస్య – పరిష్కారం

అనంతపురం, కర్నూలు, కడప క్యాంపస్‌లలో మార్చి వచ్చిందంటే ఒకటే ఫిర్యాదు: పై అంతస్తులో కూర్చోలేకపోతున్నాం, ఏసీ పెట్టించండి. ఆ మాట ఒప్పుకునే ముందు వేడి ఏ దారిన లోపలికొస్తోందో పట్టుకోవాలి.

అందుకు ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు (తాకకుండా దూరం నుంచే వేడి కొలిచేది), గోడకు తగిలించే మామూలు థర్మామీటరు చాలు. సాయంత్రం 4 గంటలకు ఒకసారి, రాత్రి 10 గంటలకు ఒకసారి సీలింగు, పడమటి గోడ లోపలి ముఖం, కిటికీ అద్దం కొలవండి. గది గాలి కన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపించేదే అసలు కారణం. పనిముట్టు లేకపోతే బల్లెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించండి. చెయ్యి ఉంచలేకపోతే ఇంకేం కొలవక్కర్లేదు, స్లాబుతోనే మొదలుపెట్టండి.

రాత్రి పదకొండైనా గది చల్లబడదు, ఫ్యాను వేస్తే వేడి గాలి

కారణం: ఐదారు అంగుళాల కాంక్రీటు స్లాబు. మధ్యాహ్నం అది తాగిన ఎండ లోపలి ముఖానికి చేరడానికి నాలుగైదు గంటలు పడుతుంది. క్లాసులు అయిపోయాక, పిల్లలు హాస్టలుకు చేరే వేళకు దిగుతుంది. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలు. ఏప్రిల్ చివర్లో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కాబట్టి ఇక్కడ ఎండాకాలంలో ఎక్కువ ఎండ పడేది గోడల మీద కాదు, మిద్దె మీద. గట్టిగా ఉంటుందని, దగ్గర్లో దొరుకుతుందని డాబా మీద కడప నల్ల బండ పరిచిన చోట ఇబ్బంది ఇంకా ఎక్కువ. గచ్చుకు, మెట్లకు అంత మంచి రాయి లేదు. ఎండలో పరిస్తే మాత్రం పెనంలా కాగుతుంది.

తక్కువ ఖర్చు పని సున్నం. ఫిబ్రవరిలోనే చేయించండి. పగుళ్లు పూడ్చి, పాచిని వైరు బ్రష్షుతో గీకి, కడిగి ఆరనివ్వాలి. ఇనప డ్రమ్ములో నీళ్లు పోసి, రాతి సున్నం కొంచెం కొంచెంగా వెయ్యాలి. కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్లు. సున్నం మీద నీళ్లు పొయ్యకూడదు, చిమ్మి కళ్లలో పడుతుంది. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడుతుంది. ఒక రోజు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, బంక కలిపి, ఎండ తగ్గాక మొదటి పూత నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా వెయ్యండి. పనివాళ్లకు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఈ పూత వానలకు పోతుంది, ఏటా వెయ్యాలి. కూల్ రూఫ్ పెయింటు (ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు) ఎక్కువ కాలం ఉంటుంది కానీ, మన దుమ్ముకు అదీ మట్టిరంగుకు తిరుగుతుంది. ఎండాకాలం ముందు ఒకసారి కడగకపోతే డబ్బు పెట్టి లాభం లేదు.

శాశ్వత పని కావాలంటే స్లాబు పైన ఇన్సులేషన్. వాటర్‌ప్రూఫింగ్ చేసి, మిద్దె మీద నీళ్లు నిలగట్టి కారుతుందేమో 48 గంటలు చూశాక, 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డులు (వేడిని ఆపే గట్టి నురగ పలకలు) సందు లేకుండా పరచాలి. దానిమీద పాలిథీన్ పొర, చికెన్ మెష్ (సన్న ఇనప తీగల వల) వేసిన 50 మిల్లీమీటర్ల కాంక్రీటు, పైన తెల్ల టైలు ముక్కలు. కాంక్రీటును మూడు మీటర్ల గళ్లుగా విడగొట్టి జాయింట్లు వదలాలి, లేకపోతే మొదటి ఎండాకాలానికే పగులుతుంది. స్లాబు గుండా దిగే వేడి నాలుగో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. అయితే ఆ కాంక్రీటు ఒక్కటే చదరపు మీటరుకు 120 కిలోల బరువు. పాత భవనమైతే స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా ముట్టుకోవద్దు.

ఫాల్స్ సీలింగు దీనికి మందు కాదు. స్లాబు అలాగే కాగుతుంది, ఫ్యాను కిందికి దిగుతుంది, పైన ఎలుకలు చేరతాయి.

పట్టపగలు కర్టెన్లు వేసి ట్యూబులైట్లు వెలిగిస్తున్నారు

కారణం: పడమటి అద్దం. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి పైనున్న సజ్జా ఆపలేదు. లోపలి కర్టెన్ వెలుగునే ఆపుతుంది, వేడి అప్పటికే అద్దం దాటేసింది. అడ్డం బయటే ఉండాలి: నిలువు ఫిన్లు (కిటికీ పక్కన బయటికి పొడుచుకొచ్చే పలకలు), జాలీ (చిల్లుల గోడ), లేదా గోడకు జానెడు దూరంలో వెదురు తడిక. నాలుగైదు మీటర్ల దూరంలో కానుగ, వేప నాటండి. మే నెలలో మిట్టమధ్యాహ్నం దక్షిణపు గోడ మీద ఎండే పడదు. ఖరీదైన షేడింగంతా అటు పెట్టి పడమరను వదిలెయ్యడం డ్రాయింగుల్లో చాలాసార్లు జరిగే పొరపాటు.

కూలర్ పెడితే ఉక్కపోత

తలుపులు మూసి నడుపుతున్నారు. కూలర్ లోపలికి తోసినంత గాలి ఎదురు కిటికీ నుంచి బయటికి పోవాలి. పొడి ఎండలున్న ఏప్రిల్, మే నెలల్లో ఇది బాగా పనిచేస్తుంది, వానల్లో చెయ్యదు. బోరు ఉప్పునీళ్లకు ప్యాడ్లు గట్టిపడతాయి. ట్యాంకు నీళ్లు రెండు మూడు రోజులకోసారి పూర్తిగా వదిలెయ్యండి. అక్కడే దోమతెర కూడా చూడండి: దుమ్ము పట్టిన తెర మూసిన కిటికీతో సమానం.

పాత 75 వాట్ల ఫ్యాన్లు ఆరు తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారు) ఫ్యాన్లు పెడితే ఎనిమిది గంటలకు రెండు యూనిట్లు మిగులుతాయి. ఇది స్లాబు పని అయ్యాకే.

సోలార్ ఉంది, యూనిట్లు రావడం లేదు

మన ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు రావాలి. తగ్గితే ముందు దుమ్ము, రెట్టలు చూడండి. పొద్దున్నే అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి, ఎండెక్కాక చల్లనీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. బోరునీళ్లు ఆరితే తెల్లచారలు మిగులుతాయి. అవి గీకితే పోవు, కాబట్టి వాన నీళ్లు పట్టి ఉంచుకోవడం మేలు. కడిగినా పెరగకపోతే ఉదయం 9కి, సాయంత్రం 4కి మిద్దె ఎక్కి నీడ చూడండి. ఒక్క ప్యానెల్ మీద నీళ్ల ట్యాంకు నీడ పడినా ఆ వరసంతా దిగజారుతుంది. చలికాలంలో నీడ ఉత్తరానికి సాగుతుంది. ట్యాంకు ప్యానెళ్లకు ఉత్తరం వైపునే ఉండాలి.