పాత పేటను చూడటం ఎలా? – 3: సంతలో మొదటి చుట్టు

కిందటి పాఠంలో మ్యాప్ మీద పేట ఎల్లలు గుర్తించాం. ఈసారి కాళ్లకు పని. బ్రసెల్స్‌లోని మారోల్ పేటనే తీసుకుందాం. ఇక్కడికి వచ్చినవాళ్లు చాలామంది నేరుగా పాత సామాన్ల సంతలోకి దూరిపోతారు. మీరు మాత్రం ముందు పేటను పైనుంచి చూడండి.

పూలార్ట్ కూడలిలో, పెద్ద న్యాయస్థానం పక్కన నిలబడితే మారోల్ ఇంటి కప్పులు కింద కనిపిస్తాయి. 1866 నుంచి 1883 దాకా కట్టిన ఆ భవనం కోసం ఇక్కడి పేదల ఇళ్లు ఎన్నో కూల్చేశారు. ఆ కోపంతో పేటవాళ్లు ‘ఆర్కిటెక్ట్’ అన్న మాటను తిట్టుగా వాడారు. 1969లో న్యాయస్థానం కోసం మళ్లీ ఇళ్లు పడగొడతామంటే మాత్రం జనం ఒక్కటై అడ్డుకున్నారు, గెలిచారు. బేరానికి దిగేముందు ఇది తెలిసి ఉండాలి. మనం వెళ్తున్నది ఇంత పోరాడి నిలబెట్టుకున్నవాళ్ల వాకిట్లోకి.

పక్కనే అద్దాల లిఫ్ట్ ఉంది, టికెట్ అక్కర్లేదు. కిందికి దిగి కాస్త నడిస్తే ప్లాస్ ద్యు జూ ద బాల్ అనే కూడలి. 1873 నుంచి సంత ఇక్కడే. రోజూ ఉంటుంది కానీ మధ్యాహ్నం దాటితే సర్దేస్తారు, అందుకని పొద్దున్నే వెళ్లండి.

మొదటి చుట్టులో ఏమీ కొనొద్దు. నేల మీద పరిచిన ఒక్క కుప్ప దగ్గర ఆగి, అందులో ఏమేం కలిసి ఉన్నాయో చూడండి. చెంచాలు, కళ్లజోడు, పెళ్లి ఫొటోల ఆల్బమ్, సగం వాడిన దారపుండలు, గుత్తిగా తాళంచెవులు అన్నీ ఒకే అట్టపెట్టెలో ఉంటే, అది బహుశా ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తే వచ్చిన సరుకు. అలా కాకుండా వరసగా గడియారాలే, తుడిచి మెరుగుపెట్టి ఉన్నాయా? ఆయన ఏరి తెచ్చి అమ్మే వ్యాపారి, ధర తెలిసినవాడు. ఈ తేడా కంటికి పట్టడమే ఈ పాఠంలో అసలు విద్య. ఆల్బమ్‌లు తిరగేసేటప్పుడు నెమ్మదిగా తిరగేయండి, అవి ఒకరి ఇంటి మనుషులవి.

తర్వాత ర్యూ బ్లాస్, ర్యూ ఓట్ వీధుల్లోని పాత వస్తువుల దుకాణాలు చూడండి. నేల మీద చూసిన రకం వస్తువే అద్దాల వెనక ఎంత పలుకుతోందో గమనిస్తే చాలు. ర్యూ ఓట్ చివర షపెల్ చర్చి ఉంది. చిత్రకారుడు బ్రూగెల్ 1563లో పెళ్లి చేసుకున్నది అక్కడే.

అభ్యాసం: మీ ఊళ్లో పాత సామాన్లు అమ్మే చోట మూడు కుప్పలు ఎంచుకోండి. ఒక్కోదాంట్లో ఉన్నవి రాసుకుని, అది ఇంటి సరుకా, ఏరిన సరుకా ఊహించండి. ఆ తర్వాతే అమ్మేవాళ్లను అడగండి. వచ్చే పాఠం బేరం గురించి, అప్పుడు ఈ కాగితం మీ చేతిలో ఉండాలి.