విమానంలో ప్యాసింజర్ల కోసం ఫోన్ లైన్లు ఎన్ని పెట్టాలి, లెక్క ఎలా వేయాలి

సీట్లు ఎన్నో చూసి అందులో ఇంత శాతం అని లైన్లు పెట్టేస్తుంటారు, ఆ పద్ధతి వదిలేయండి. ముందు తేల్చుకోవాల్సినవి రెండే, బాగా రద్దీగా ఉండే గంటలో ఎన్ని కాల్స్ వస్తాయి, ఒక్కో కాల్ సగటున ఎంతసేపు లైన్‌ని పట్టుకుంటుంది. గంటలో 40 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు అనుకుందాం, మొత్తం 120 నిమిషాలు, 60తో భాగిస్తే 2 ఎర్లాంగ్స్ ట్రాఫిక్ (ఒక లైన్ గంటంతా బిజీగా ఉంటే 1 ఎర్లాంగ్). మాట్లాడే టైమే కాదు, డయల్ చేసిన దగ్గర్నుంచి అవతలివాళ్ళు ఎత్తేదాకా కూడా లైన్ బిజీయే కాబట్టి ఆ సెకన్లు కూడా కలపాలి.

2 ఎర్లాంగ్స్ కదా, రెండు లైన్లు చాలు అనుకున్నారో, వందలో 40 కాల్స్‌కి లైన్ దొరకదు! 4 పెడితే ఫెయిలయ్యేవి 9.5 శాతం, 6 పెడితే 1.2 శాతం, 7 పెడితే 0.3 శాతం. ఇది డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన ఫార్ములా, ఎర్లాంగ్ బి అంటారు, ఎక్సెల్‌లో ఈజీగా వేసుకోవచ్చు. లైన్ దొరకని కాల్స్ వాటాని బ్లాకింగ్ అంటారు, సున్నా లైన్లకి బ్లాకింగ్ 1 (అంటే 100 శాతం) అని మొదలుపెట్టండి, ఒక్కో లైన్ పెంచినప్పుడల్లా ట్రాఫిక్‌ని అంతకుముందు వచ్చిన బ్లాకింగ్‌తో గుణించండి, వచ్చినదాన్ని దానికే లైన్ నంబర్ కలిపిన మొత్తంతో భాగించండి, అంతే. మామూలుగా 1 లేదా 2 శాతం బ్లాకింగ్ టార్గెట్ పెట్టుకుంటారు.

అయితే ఈ ఫార్ములా ఒకటి నమ్ముతుంది, లైన్ దొరకనివాళ్ళు ఊరుకుంటారని. ఎవరూరుకుంటారండీ, వెంటనే మళ్ళీ నొక్కుతారు. పైగా ఫ్లైట్ లేటైతే అందరికీ ఒకే అవసరం ఒకేసారి వస్తుంది, ఎయిర్‌పోర్ట్‌కి వచ్చేవాళ్ళకి చెప్పాలి, కనెక్టింగ్ ఫ్లైట్ సంగతి చూసుకోవాలి. అందుకే మామూలు రోజుతో పాటు లేటైన రోజుకి కూడా విడిగా లెక్క వేయండి. పైన వేసిన 2 ఎర్లాంగ్స్ ట్రాఫిక్ ఆ రోజు 4 అయితే ఆ 6 లైన్లతో దాదాపు 12 శాతం ఫెయిలవుతాయి, 9 పెడితే 1.3కి దిగుతుంది. ట్రాఫిక్ డబుల్ అయినా లైన్లు డబుల్ చేయక్కర్లేదు, అదొక్కటి మన అదృష్టం.

లైన్ అంటున్నాం గానీ అది ఎక్కడ ఇరుక్కుంటుందో చూడాలి. ప్యాసింజర్లు సొంత జీఎస్ఎం ఫోన్ వాడితే క్యాబిన్‌లో పికోసెల్ అనే చిన్న మొబైల్ టవర్ లాంటిది ఉంటుంది, దాని ఒక్కో క్యారియర్‌కి (రేడియో ఫ్రీక్వెన్సీకి) 8 టైమ్‌స్లాట్లు, అంటే వంతులవారీ భాగాలు, ఒకటి కంట్రోల్‌కి పోతే మాటలకి 7. తర్వాత శాటిలైట్ లింక్, ఇక్కడ కోడెక్ (మాటని డేటాగా కుదించేది) రేటు చూసి మోసపోకండి. 8 కేబీపీఎస్ కోడెక్ అయినా, 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్ పంపితే ప్రతి ప్యాకెట్‌కీ తగిలించే 40 బైట్ల ఐపీ హెడర్లకే (అడ్రస్ వివరాలకే) ఇంకో 16 కేబీపీఎస్ పోతాయి, అంటే ఒక్కో కాల్‌కి ఒక్కో వైపు 24 కేబీపీఎస్. హెడర్ కంప్రెషన్ పెట్టి ఆ హెడర్లని కుదిస్తే చాలా మిగులుతుంది. పికోసెల్, శాటిలైట్, ఈ రెండిట్లో ఏది తక్కువ కాల్స్ మోస్తుందో అదే మీ అసలు కెపాసిటీ. అదే లింక్‌లో ఇంటర్నెట్ కూడా నడుస్తుంటే వాయిస్‌కి కొంత రిజర్వ్ చేసి పెట్టండి, లేకపోతే ఎవరో వీడియో పెట్టగానే కాల్స్ తెగిపోతాయి.

శాటిలైట్ కాకుండా నేల మీది టవర్లతో నడిపేటట్లయితే ఒక్క విమానం లెక్క సరిపోదు. 35,000 అడుగుల ఎత్తులో ఉన్న విమానానికి దాదాపు 400 కిలోమీటర్ల దూరం దాకా టవర్ నేరుగా కనబడుతుంది కాబట్టి ఆ పరిధిలో ఎగిరే విమానాలన్నీ అవే చానెళ్ళు పంచుకుంటాయి. పెద్ద ఎయిర్‌పోర్ట్ దగ్గరి టవర్‌కి అన్ని విమానాల ట్రాఫిక్ కలిపి వేయండి, ఖాళీ రూట్లలో టవర్‌కి తక్కువ చాలు.

సర్వీస్ మొదలయ్యాక లాగ్స్‌లో పూర్తయిన కాల్సే చూసి అంచనాలు మార్చకండి, లైన్ దొరకనివి అందులో ఉండవు. మోసిన ట్రాఫిక్‌ని, 1లోంచి బ్లాకింగ్ తీసేయగా మిగిలినదాంతో భాగిస్తే అసలు డిమాండ్ వస్తుంది, ఉదాహరణకి 1.8 ఎర్లాంగ్స్ మోసి 10 శాతం బ్లాక్ అయితే డిమాండ్ 2. అందులో రీడయల్స్ కూడా కలిసుంటాయి కాబట్టి ఒకే ఫోన్ నుంచి నిమిషంలోపు వచ్చిన ప్రయత్నాలన్నీ ఒక్కటిగా లెక్కపెట్టుకోండి.