రోడియో చూడటం నేర్చుకుందాం – 5వ పాఠం: గిత్త రికార్డు చదవడం

ముందు పోయిన పాఠంలోని లెక్క చూద్దాం. ఎగిరి కుదిపే గిత్త మీద రైడర్ ఒంటి చేత్తో తాడు పట్టుకుని 8 సెకన్లు కూర్చోవాలి, అదే ఒక రైడ్. అలాంటి ఒక రైడ్‌కి 95.25 పాయింట్లు వస్తే అందులో గిత్త వాటా కనీసం ఎంత ఉండాలి అని అడిగాను. జడ్జీలు వేసే మార్కుల్లో రైడర్‌కి 50, గిత్తకి 50, మొత్తం 100. రైడర్‌కి 50కి 50 వేసేశారనుకున్నా, మిగిలిన 45.25 గిత్తదే. రైడర్‌కి పూర్తి మార్కులు పడటం మహా అరుదు కాబట్టి గిత్త వాటా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఆ అంకె నేను కల్పించింది కాదు. 2013 ఆగస్టు 17న అమెరికాలో, ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో జె.బి. మూనీ అనే రైడర్ బుష్‌వాకర్ అనే గిత్త మీద సాధించిన స్కోరు అది. ఇప్పటిదాకా మనం ఒక్క రైడ్‌ని, అంటే 8 సెకన్లని చూడటం నేర్చుకున్నాం. ఈసారి ఏళ్ల తరబడి నడిచిన ఒక గిత్త కెరీర్‌ని చదువుదాం.

రికార్డు చేతికి రాగానే అందరి కళ్లూ ఎంతమందిని పడేసిందన్న గడి మీదికే పోతాయి. బుష్‌వాకర్ విషయంలో ఆ గడి అదిరిపోతుంది. ప్రొఫెషనల్ బుల్ రైడర్స్ సంస్థ, అంటే పీబీఆర్, నడిపే అగ్రశ్రేణి పోటీల్లో వరసగా 42 సార్లు రైడర్‌ని 8 సెకన్లలోపే నేలకి దించింది. మూనీని కూడా అంతకు ముందు చాలాసార్లు పడేసింది. టల్సాలో ఆ వరస తెగింది.

కానీ ఈ గడిని ఒంటరిగా నమ్మకండి. రెడ్ రాక్ అనే గిత్త సంగతే చూడండి. ప్రొఫెషనల్ రోడియోలో 309 సార్లు బరిలోకి వచ్చింది. ఒక్కరంటే ఒక్కరు 8 సెకన్లు కూర్చోలేదు. 1987లో ఓటమి లేకుండానే రిటైరైంది. మరుసటి ఏడాది, 1987 ప్రపంచ ఛాంపియన్ రైడర్ లేన్ ఫ్రాస్ట్‌కీ దానికీ ప్రత్యేకంగా ఏడు పోటీలు పెట్టారు. ఫ్రాస్ట్ నాలుగింట్లో నిలబడ్డాడు! అందుకని రెడ్ రాక్ గొప్పతనం తగ్గిపోలేదు. ఒకే మేటి రైడర్‌కి మళ్లీ మళ్లీ ఎదురుపడితే లెక్క మారుతుందంతే. బౌలింగ్ ఎవరిదో అడక్కుండా సెంచరీని పొగడం కదా, ఇక్కడా ఎదురుగా ఎవరున్నారో చూడాలి.

నా దృష్టిలో అసలు గడి గిత్త స్కోరు. రైడర్ రెండో సెకనులో పడిపోతే అతనికి సున్నా. గిత్తకి మాత్రం పీబీఆర్‌లో మార్కులు పడతాయి. ముందు భాగం ఎంత ఎత్తు లేచింది, వెనక కాళ్లు ఎంత బలంగా విసిరింది, ఎంత వేగంగా గుండ్రంగా తిరిగింది, దిశ మార్చిందా, మొత్తం మీద రైడర్‌ని ఎంత ఇబ్బంది పెట్టింది అని జడ్జీలు చూస్తారు. 45 దాటితే మేటి గిత్త కిందే లెక్క. ఒక్కసారి దాటడం పెద్ద విశేషం కాదు, ఏ ఊళ్లో దించినా, ఏ రైడర్ ఎక్కినా ఆ దరిదాపుల్లోనే ఉండాలి. బుష్‌వాకర్‌ని ఛాంపియన్ చేసింది ఈ నిలకడే. పైగా ఎటు తిరుగుతుందో ముందుగా ఊహించే వీలివ్వని గిత్త అది.

చిన్న అభ్యాసం. 'అ' అనే గిత్త పదిసార్లు వచ్చి పదిమందినీ పడేసింది, స్కోర్లు 40, 41. 'ఆ' అనే గిత్త ఎనిమిదిమందినే పడేసింది, స్కోర్లు 45, 46. ఏది మేలు? 'ఆ' అని రాసినవాళ్లు పాస్. దాని మీద నిలబడిన ఆ ఇద్దరికీ పెద్ద స్కోర్లే వచ్చి ఉంటాయి. రైడర్లు కోరుకునేది అలాంటి గిత్తనే.

తర్వాత వయసు. రెండేళ్ల కోడెల మీద మనిషిని ఎక్కించరు. రిమోట్‌తో విడిపోయే చిన్న పెట్టెని వీపుకి కట్టి, నాలుగు సెకన్లు చూస్తారు. బుష్‌వాకర్ 2006లో పుట్టింది. ఐదేళ్లకి, 2011లో, పీబీఆర్ ప్రపంచ ఛాంపియన్ గిత్త. 2012లో ఆ పట్టం ఆస్టరాయిడ్ అనే గిత్తకి పోయింది. 2013, 2014లో మళ్లీ బుష్‌వాకర్‌దే. ఎనిమిదేళ్లకి రిటైర్మెంట్. మధ్యలో ఒక ఏడాది టైటిల్ పోగానే పని అయిపోయిందనుకుంటే ఆ తర్వాతి రెండు టైటిళ్లు మీకు అర్థం కావు.

వంశం గడి గురించి ఒక్క మాట. చాలా బకింగ్ బుల్స్‌లో, అంటే ఈ పోటీ గిత్తల్లో, అమెరికన్ బ్రాహ్మణ్ జాతి రక్తం ఉంటుంది. మెడ మీద మూపురం కనిపిస్తే గుర్తుపట్టవచ్చు. ఆ జాతిని భారతదేశం నుంచి వెళ్లిన పశువులతో తయారుచేశారు, అందులో మన ఒంగోలు జాతి కూడా ఒకటి. అక్కడ దాన్ని నెల్లూరు అంటారు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో రోడియోకి వెళ్లే మనవాళ్లు ఈసారి ఆ మూపురాన్ని కాస్త చూడండి.

రికార్డులో కనిపించనిది ఒకటుంది, ప్రమాదం. బొడేషస్ అనే గిత్త మీద టఫ్ హెడెమన్ అనే రైడర్ 1993లో 95 పాయింట్లు కొట్టాడు. 1995 అక్టోబర్‌లో లాస్ వేగాస్‌లో అదే గిత్త తల పైకి విసిరి అతని ముఖం ఎముకలు విరగ్గొట్టింది. ఎవరికి ఏ గిత్తో చీటీ తీసి తేలుస్తారు. డిసెంబర్‌లో అతని చీటీ మళ్లీ దానికే పడితే, హెడెమన్ ఎక్కకుండా వదిలేశాడు. అదే పోటీల్లో మాస్క్ పెట్టుకుని ఎక్కిన మరో రైడర్ కూడా ముఖానికి దెబ్బ తిన్నాడు. దాంతో యజమాని శామీ ఆండ్రూస్ బొడేషస్‌ని రిటైర్ చేసేశాడు. దాన్ని మించిన గిత్త లేదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను మాత్రం బుష్‌వాకర్ వైపే. రైడర్‌ని పడేయడం వేరు, ఆసుపత్రికి పంపడం వేరు. స్కోరు మొదటి దానికే.

ఇంటి పని: ఒకే గిత్త వీడియోలు ఐదు చూడండి. ప్రతిసారీ మూడు సంగతులు రాసుకోండి: అది ముందుగా ఎటు తిరిగింది, రైడర్ తాడు పట్టుకున్నది ఏ చేత్తో, ఎన్ని సెకన్లు ఉన్నాడు. కుడి చేత్తో పట్టుకున్నవాడికి కుడివైపు తిరిగే గిత్త కాస్త సులువు, ఎడమవైపు తిరిగేది కష్టం. ఆ ఐదుసార్లలో పడిపోయినవాళ్లలో ఎంతమందికి గిత్త చేతికి ఎదురు దిక్కున తిరిగిందో లెక్కపెట్టండి. ఆరో పాఠం ఆ లెక్కతోనే మొదలవుతుంది.