బడిల పిల్లల్ని సతాయిస్తుంటే ఏం చెయ్యాలె, ఎవరికి చెప్పాలె

మాది దేవరకొండ దిక్కు. మా చిన్నోడు ఆరో తరగతిల ఉన్నప్పుడు నెల రోజులు రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేటోడు, ఆర్‌ఎంపీ దగ్గరికి రెండుసార్లు తీస్కపోయిన, గోలీలు ఇచ్చిండు, ఆదివారం మాత్రం నొప్పి ఉండకపోయేది, అది నాకు సమజ్ గాలే. సంగతేందంటే వాని పండ్లు గారపట్టినయి, బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్న ఊర్లల్ల ఇదేం కొత్త గాదు, కానీ బడిల నలుగురు పోరగాళ్లు 'గారపండ్లోడు' అని పేరు పెట్టి బాత్రూం కాడ ఆపి నోరు తెరువమనేటోళ్లట. వీడు బాత్రూంకు పోవుడు తప్పించుకోనీకె నీళ్లు తాగుడే బంద్ పెట్టిండు. ఇంటికి రాంగనే చెంబెడు నీళ్లు గటగట తాగితే ఎండకు అనుకున్న.

అందుకే మొదలు చూడాల్సింది గివే: నీళ్ల బాటిల్ నింపింది నింపినట్టే వచ్చుడు, పెన్నులు ఊకె పోవుడు, ఆటో ఎక్కేటప్పుడు ముఖం మాడ్చుకునుడు, ఫోన్ మోగితే ఉలిక్కిపడుడు.

అడిగేటప్పుడు ఎదురుంగ కూసోబెట్టి "ఎవడ్రా, పేరు చెప్పు" అంటే చెప్పరు. బండి మీద పోతూనో, పల్లీలు ఒలుస్తూనో "ఇంటర్వెల్ల ఎవరితోటి ఉంటవు బిడ్డా" అని తియ్యాలె. "నువ్వు గూడ రెండు పీకు" అని మాత్రం చెప్పొద్దు, నేను చెప్పిన, వాడు పీకిండు, దొరికింది వాడే. ఆ పిలగాని ఇంటికి పోయి లొల్లి పెట్టుకునుడు అంతకన్న దండగ, సంగతి పెద్దోళ్ల పంచాయితీ అయితది, పిల్లగాడు మూలకు పడ్తడు.

తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టుండ్రి. తారీఖు, ఏడ జరిగింది, ఎవరు ఏమన్నరు, ఎవరు చూసిండ్రు, పిల్లగాడు చెప్పినట్టే రాయాలె. వాట్సాప్ గ్రూపులల్ల, ఇన్‌స్టాల అయితే స్క్రీన్‌షాట్ తీసుండ్రి, డిలీట్ చెయ్యకుండ్రి. ఒక్క జాగ్రత్త, పిల్లల అసభ్యం ఫొటోనో వీడియోనో అయితే సాక్ష్యం అని గూడ ఎవరికీ పంపొద్దు, పంపినోళ్ల మీదనే కేసయితది, ఆ ఫోన్ అట్లనే పోలీసులకు చూపియ్యాలె.

ఇగ బడికి. నేను మూడుసార్లు నోటితోనే చెప్పి వచ్చిన, "చూస్తం సార్" అన్నరు, నాలుగోసారి పోతే "మీరెప్పుడు చెప్పిండ్రు" అన్నరు. అప్పుడు తెలివొచ్చింది. దరఖాస్తు హెడ్‌మాస్టర్ పేరు మీద రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద తారీఖు, సంతకం, బడి ముద్ర తీస్కోవాలె. వాళ్లు తీస్కోనీకె ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టుల పంపి రసీదు దాసుండ్రి. అండ్ల తిట్లు రాయకుండ్రి, ఏం కావాల్నో రాయుండ్రి: బెంచీ మార్చుండ్రి, ఇంటర్వెల్ల బాత్రూంల కాడ ఒక సారో మేడమో ఉండాలె, ఇద్దర్ని ఎదురుంగ నిలబెట్టి సారీ చెప్పియ్యొద్దు. ఈ ఆఖరిది ముఖ్యం, ఆ సారీ తర్వాత గేటు బయట ఇంకింత పడ్తది పిల్లగానికి. వారం పది రోజులకు మళ్ల పోయి ఏం చేసిండ్రో అడగాలె.

బడి పట్టించుకోకపోతే అదే కాగితం జిరాక్స్ పెట్టి ఎంఈఓకు (మండల విద్యాధికారి), ఆడ కాకపోతే డీఈఓకు (జిల్లా విద్యాధికారి), ప్రైవేట్ బడి అయినా సరే. సోమవారం కలెక్టరేట్ల జనం దరఖాస్తులు తీస్కునే ప్రజావాణి ఉంటది, ఆడ ఇచ్చినా రసీదు అడిగి తీస్కోవాలె. పిల్లలు సొంతంగ ఫోన్ చెయ్యనీకె 1098 అనే పిల్లల హెల్ప్‌లైన్ ఉంది, పైసలు పడవు, రాత్రి పగలు ఎత్తుతరు. ఆ నంబర్ నోట్‌బుక్ అట్ట మీద రాసియ్యుండ్రి.

కొన్ని మాత్రం మెట్టు మెట్టు ఎక్కేటివి గావు. కొట్టేది, అవమానించేది సారే అయితే 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కింద అది నిషేధం, 'భయం ఉంటనే చదువొస్తది' అనేది ఆడ నడువదు. కులం పేరు పెట్టి తిడ్తే 1989 ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం ఉంది, తండాల నుంచి వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఇది తెల్సుకోవాలె. ఒంటి మీద చెయ్యేసే లైంగిక వేధింపు అయితే సీదా పోలీసులకే, పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవుడు గూడ నేరమే, బడి పేరు పోతదని దాస్తే దాసినోళ్ల మీద గూడ కేసు. పిల్లలు స్టేషన్‌కు రావాల్సిన పని లేదు, ఇంట్లనే వాంగ్మూలం తీస్కోవచ్చు, ఆ పోలీసు యూనిఫాంల ఉండొద్దు.

పాలమూరు దిక్కు పిల్లల్ని హాస్టల్ల ఏసి అమ్మనాయిన పుణె, బొంబాయి పనికి పోతరు, వాళ్లకు ఇంకా కష్టం, ఫోన్ చేసినా పక్కన వార్డెన్ నిలబడి ఉంటే పిల్ల ఏం చెప్తది. ఊర్లె ఉన్న మేనమామనో, పెద్దమ్మనో నెలకోసారి పోయి పిల్లను బయట చెట్టు కిందికి తీస్కపోయి మాట్లాడాలె. ముందే ఒక గుర్తు మాట పెట్టుకోండ్రి, ఫోన్ల "తొక్కు పంపు" అంటే ఎవరన్న రావాలె అన్నట్టు.

మీ పిల్లగాడే సతాయిస్తున్నడని బడి నుంచి ఫోన్ వస్తే "మావోడు అసొంటోడు గాదు" అని ఎగరకుండ్రి. కట్టె తీసుకోకుండ్రి. ఇంట్ల ఎవర్ని ఏం పేర్లు పెట్టి పిలుస్తున్నమో యాది చేసుకోండ్రి, మా ఇంటికొచ్చి 'గారపండ్లోడు' అని మొదలు పిలిచింది మా బామ్మర్దే, నవ్వింది నేను.