పీవీసీ పైపుతో విజిల్ చేసే ముందు ఇవి చూసుకోండి

పైపును మంట మీద పెట్టి వంచొద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

వాడేసిన పైపు వద్దు, ఎంత కడిగినా సరే. నోట్లో పెట్టుకునేది కదా! తాగునీటి పైపు కొత్త ముక్కే తీసుకోండి.

కాస్త పొడవుగానే కోయండి. పొట్టి చేసే కొద్దీ శ్రుతి పెరుగుతుంది, మళ్లీ దించడం కష్టం.

అసలు పనితనమంతా విజిల్ రంధ్రం దగ్గర గాలిని చీల్చే అంచులోనే. అక్కడ కోత నూగు కాస్త మిగిలినా మోత రాదు, బుస్సుమని గాలే వస్తుంది. ఉప్పుకాగితంతో మెల్లగా తీయండి, అంచు మాత్రం మొద్దుబారకూడదు. ఆ పొడి పీల్చకుండా మాస్క్ తప్పనిసరి.

పైపు ముక్కలను అతికించే జిగురు (సాల్వెంట్ సిమెంట్) పూర్తిగా ఆరి, వాసన పోయాకే ఊదండి.

ఎవరి చెవి దగ్గరా ఊదొద్దు.