వేగంగా పెరుగుతున్న కంపెనీలో చేరాలా? చేరితే నెగ్గుకురావడం ఎలా?

వేగంగా పెరుగుతున్న కంపెనీ నుంచి ఆఫర్ వచ్చిందని చెప్పగానే తెలిసినవాళ్ళలో సగం మంది "వదులుకోకు, మళ్ళీ రాదు" అంటారు, మిగతా సగం "పిండేస్తారు, జాగ్రత్త" అంటారు. అలాంటి చోట నేను మూడేళ్ళకు పైగా పనిచేశాను. చేరినప్పుడు 30 మందిమి, ఏడాదిన్నర తిరిగేసరికి 180. ఆ ఇద్దరు చెప్పిందీ నిజమే అని నాకు అర్థమైంది, కాకపోతే రెండూ వేర్వేరు నెలల్లో నిజం. మొదటి ఏడెనిమిది నెలలు ఆ ఉద్యోగాన్ని ప్రేమించినంతగా ఇంకే ఉద్యోగాన్నీ ప్రేమించలేదు, ఆ తర్వాత అదే కుర్చీలో కూర్చుని రోజూ తిట్టుకున్నాను. మధ్యలో మారిందల్లా తలల లెక్క. అందుకే కంపెనీ మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకంటే ముందు ఆ లెక్క చూసుకోండి అంటాను.

లెక్క అంటే ఇదీ. 30 మంది ఉన్న చోట ఇద్దరిద్దరుగా మాట్లాడుకునే జతలు 435. 180 మంది అయితే 16,110. మనుషులు ఆరింతలు పెరిగితే జతలు 37 రెట్లు పెరిగాయన్నమాట. నిన్నటిదాకా తల తిప్పి "ఏమండీ, ఇది మార్చేస్తున్నా" అంటే సరిపోయిన పనికి ఇవాళ మీటింగు, ఫారం, ఇంకో టీమ్ ఆమోదం ఎందుకొచ్చాయో ఇక్కడే తెలిసిపోతుంది. మనిషి నిలకడగా సంబంధాలు పెట్టుకోగలిగేది దాదాపు 150 మందితోనేనని రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1990ల్లో ప్రతిపాదించాడు, దాని మీద వాదనలు ఉన్నాయి గానీ మా ఆఫీసులో మాత్రం పేరు తెలియని ముఖాలు కనిపించడం మొదలైంది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. ఇంకోటి, ఏడాదికి రెట్టింపయ్యే కంపెనీలో మీరు ఏడాది ఉంటే సగం మందికంటే పాతవాళ్ళు, రెండేళ్ళుంటే ముప్పావు వంతు మందికంటే పాతవాళ్ళు. ఉద్యోగంలో గౌరవం, విసుగు రెండూ అక్కణ్ణుంచే వస్తాయి.

ఇంటర్వ్యూలో అడగాల్సినవి

"మీ దగ్గర కల్చర్ ఎలా ఉంటుంది" అని అడక్కండి, అందరూ బాగుంటుందనే చెబుతారు. అంకెలు అడగండి. పోయిన ఏడాది ఇదే నెలలో ఎంతమంది ఉన్నారు, ఇప్పుడెంత, వచ్చే ఏడాదికి ఎంతకి పోవాలనుకుంటున్నారు? ఈ పోస్టు కొత్తగా పెట్టారా, లేక ఎవరైనా వెళ్ళిపోతే ఖాళీ అయిందా, వెళ్ళిపోతే ఎన్ని నెలలున్నారు? నాకు మేనేజర్ అయ్యే ఆయన ఎప్పటినుంచి ఇక్కడ ఉన్నారు, ఆయన కింద ఎంతమంది? ఇప్పుడున్న టీమ్ లీడ్లలో ఇక్కడే పెరిగినవాళ్ళు ఎందరు, బయటినుంచి తెచ్చినవాళ్ళు ఎందరు? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు బంగారం. ఎవరైనా నీళ్ళు నమిలితే రెండేళ్ళ తర్వాత మీ నెత్తిన ఎవరు కూర్చుంటారో అప్పుడే తెలిసిపోయినట్టు. మేనేజర్ కింద పదిహేను మంది ఉన్నారంటే మీకు ట్రైనింగ్ ఏమీ ఉండదు, మీ తిప్పలు మీరు పడాలి. అది కొందరికి ఇష్టమే, నాకు ఇష్టమే, కానీ ముందే తెలిస్తే మంచిది.

మొదటి నెలలు: చేతినిండా పని, నోటినిండా మాట

జనానికి ఈ కంపెనీల్లో నిజంగా నచ్చేది ఫ్రీ లంచ్, టీషర్టు, ఆటల గది కాదు, అవి మూడో వారానికి కళ్ళకు ఆనడం మానేస్తాయి. నచ్చేది మన మాట చెల్లడం. నేను చేరిన రెండో వారంలో ఒక కస్టమర్‌కి డబ్బు రెండుసార్లు కట్ అయింది. ఎవరిని అడగాలో తెలియక పక్కనున్నాయన్ని అడిగితే "మనకి దానికి పద్ధతంటూ ఏమీ లేదు, నువ్వే ఏదోటి చెయ్యి" అన్నాడు. డబ్బు వెనక్కి పంపించి, ఏం చేశానో ఒకటిన్నర పేజీ రాసి అందరికీ పంపాను. సాయంత్రానికల్లా అదే కంపెనీ రీఫండ్ పద్ధతి అయిపోయింది! పెద్ద సంస్థలో ఆ పేజీకి ఆరు సంతకాలు కావాలి. నెల తిరిగేసరికి రీఫండ్ అంటే నేనే, ఆ తర్వాత దాన్ని వదిలించుకోవడానికి ఏడాది పట్టింది, అది వేరే కథ.

ఈ దశలో చేయాల్సిన పని ఒక్కటే, కానీ ఎవరూ చేయరు. ప్రతి శుక్రవారం పది నిమిషాలు కూర్చుని ఆ వారం ఏం చేశారో, ఏ నిర్ణయం మీదో, దానివల్ల ఏం మారిందో మూడు నాలుగు వాక్యాలు మీ సొంత నోట్‌లో రాసుకోండి. కంపెనీ రహస్యాలు, కస్టమర్ల వివరాలు అందులో వద్దు, మీ పని మాత్రమే. ఎందుకంటే ఆరు నెలలు తిరిగేసరికి మీ మేనేజర్ మారిపోతాడు, కొత్తాయనకి మీరు చేసినదేదీ తెలియదు, అప్రైజల్ రోజున గుర్తు తెచ్చుకుందామంటే మీకే గుర్తుండదు.

మీ పైన ఇంకో మనిషి వచ్చిన రోజు

అందరూ ఎక్కువగా బాధపడేది దీనికే. ఒక సోమవారం పదిన్నరకి మీటింగ్ అన్నారు. తెర మీద పెట్టెలు, గీతలు ఉన్న చార్ట్ వేశారు. నా పేరు రెండో వరసలో వెతుక్కున్నాను, లేదు. కళ్ళు కిందికి దించితే మూడో వరసలో ఉంది, పైన ఎప్పుడూ వినని పేరు. శుక్రవారం సాయంత్రం దాకా ఫౌండర్‌తో నేరుగా మాట్లాడేదాన్ని, సోమవారం నుంచి "వయా" మాట్లాడాలి. జీతం పైసా తగ్గలేదు, పని తగ్గలేదు, అయినా ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

ఆ వారం రిజైన్ చేయకండి. మెయిల్ కూడా రాయకండి, రాస్తే డ్రాఫ్ట్‌లో ఉంచండి. బయటినుంచి వచ్చినావిడకి కూడా మీ చోటు లాక్కోవాలని ఉండదు, ఆవిడకి మొదటి నెల అంతా అయోమయమే. నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఏంటంటే, మొదటి వారంలోనే కొత్త మేనేజర్‌కి ఒక్క పేజీ ఇవ్వాలి: ప్రస్తుతం నేను చూస్తున్న పనులు, ఎక్కడ ఇరుక్కున్నాయి, ఇప్పటిదాకా నేనే తేల్చిన విషయాలు. ఇచ్చి, "వీటిలో ఏవి నేనే తేల్చవచ్చు, ఏవి మిమ్మల్ని అడగాలి" అని సూటిగా అడగండి. హోదా ఎలాగూ చార్ట్‌లోకి పోయింది, నిర్ణయాలు ఎన్ని మీ చేతిలో ఉన్నాయన్నదే అసలు లెక్క. అన్నీ లాగేసుకుంటే అప్పుడు బయట చూసుకోండి, తప్పేం లేదు.

పనిలో ఆలస్యమైతే కొత్త మనుషుల్ని తెచ్చి దింపేస్తారు, ఇది ఇంకో తలనొప్పి. ఐబీఎంలో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్త మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. వచ్చినవాళ్ళకి నేర్పేది పాతవాళ్ళే కదా, అంటే మీరే. కాబట్టి "నీకు ఇద్దరిని ఇస్తున్నాం" అనగానే సంతోషపడిపోకుండా, వాళ్ళకి నేర్పే మూడు నాలుగు వారాలు నా పనిలో ఏది ఆపమంటారు అని అడగండి.

జీతం

కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత ఈ కంపెనీల కోసమే పుట్టిందేమో. కొత్తవాళ్ళని ఇప్పటి మార్కెట్ రేటుకి తెస్తారు, మీ జీతం మాత్రం మీరు చేరిన రోజు దగ్గర ఆగి, ఏటా కాస్త హైక్‌తో నడుస్తుంది. నేను పని నేర్పిన అమ్మాయి నాకంటే ఎక్కువ తీసుకుంటోందని ఆవిడే మాటల్లో చెప్పింది, పాపం నాకు తెలుసనుకుంది. ఆమె మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. మీ పోస్టుకే కంపెనీ ఇప్పుడు ఇస్తున్న ప్రకటన చూడండి, బయట ఒకటి రెండు ఇంటర్వ్యూలకి వెళ్ళి మీ రేటు తెలుసుకోండి, శుక్రవారాల నోట్ తీసుకుని వెళ్ళి అంకెతో అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు. అడగాల్సింది అప్రైజల్ రోజున కాదు, అప్పటికి బడ్జెట్ పంచేసి ఉంటారు, రెండు మూడు నెలల ముందే అడగాలి.

ఈసాప్‌లు

ఈసాప్ అంటే కంపెనీ షేర్లని ముందే ఖరారైన ధరకి తర్వాత కొనుక్కునే హక్కు, ఆ హక్కులనే ఆప్షన్లు అంటారు. "పదివేల ఆప్షన్లు" అంటే ఏమీ తెలియదు. మొత్తం షేర్లు ఎన్ని అని అడగండి. కోటి షేర్లుంటే మీది 0.1 శాతం. కొత్త షేర్లిచ్చి ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు తెచ్చుకునే ఒక్కో ఫండింగ్ రౌండ్‌లో అందరి వాటా 20 శాతం పలచబడిందనుకుంటే, మొదటి రౌండ్‌కి 0.08, రెండోదానికి 0.064. కంపెనీ విలువ అంతకంటే వేగంగా పెరిగితే నష్టమేమీ లేదు, పెరగకపోతే ఉంది. చాలాచోట్ల నాలుగేళ్ళ వెస్టింగ్ (ఆప్షన్లు విడతలుగా మీ సొంతం కావడం), ఏడాది క్లిఫ్ (అది నిండేదాకా ఏమీ దక్కకపోవడం) ఉంటాయి, అంటే పదకొండో నెలలో మానేస్తే సున్నా, ఏడాది నిండితే నాలుగో వంతు. మానేశాక షేర్లు కొనుక్కోవడానికి ఎన్నాళ్ళు గడువిస్తారో తప్పకుండా చూడండి, 90 రోజులే ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి, ఆ లోపు చేతిలోని డబ్బు పెట్టి కొనాలి, అమ్ముకునే దారి లేకపోయినా కొన్ని దేశాల్లో కొన్నప్పుడే పన్ను పడుతుంది.

ఇంకో మెలిక ఎవరూ చెప్పరు. కంపెనీని అమ్మేటప్పుడు, తాము పెట్టినంత ముందు వెనక్కి తీసుకునే హక్కు సాధారణంగా ఇన్వెస్టర్లకి ఉంటుంది. వాళ్ళు 100 పెట్టారు, కంపెనీ 90కి అమ్ముడుపోయింది అనుకోండి, 90 వాళ్ళకే, మీ ఆప్షన్లకి వచ్చేది ఏమీ ఉండదు. పేపర్లో కనిపించే విలువ చూసి గాలిలో మేడలు కట్టకండి. ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే వీవర్క్ 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్ల కంపెనీ అనిపించుకుంది, అదే ఏడాది సెప్టెంబరులో ఐపీవో (షేర్లని తొలిసారి జనానికి అమ్మే ప్రయత్నం) వెనక్కి తీసుకుంది, 2023 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఆఫర్‌లో జీతం ఒక్కటే చూసి ఒప్పుకోగలరా అని మిమ్మల్ని మీరు అడగండి, ఈసాప్ వస్తే వచ్చింది అనుకోండి.

టెన్షన్, ఓవర్‌టైమ్ గురించి ఎంతైనా రాయొచ్చు, నా కొలత మాత్రం చిన్నది. "ఈ రెండు వారాలు కాస్త ఓపిక పట్టండి" అన్న మాట ఎన్నిసార్లు విన్నారో లెక్కపెట్టండి. మొదటిసారి నమ్మండి, రెండోసారి ఎందుకని అడగండి, మూడోసారి అన్నారంటే అదే అక్కడి పని వేళ, దానికి తగ్గట్టు ఉండాలో వెళ్ళాలో తేల్చుకోండి.

వెళ్ళాలని తేలితే, రిజైన్ చేసేముందే ఎన్ని ఆప్షన్లు వెస్ట్ అయ్యాయో, గడువు ఏ తేదీ దాకా ఉందో హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో రాబట్టుకోండి, నోటిమాట చెల్లదు. మీ చేతిలోని పనులకి హ్యాండోవర్ రాసిపెట్టండి. నేను నా రీఫండ్ పేజీని చివరిసారి సరిచేస్తే అది పదకొండు పేజీలైంది. బ్యాడ్జి ఇచ్చేసి లిఫ్టులో దిగుతుంటే పక్కనున్న కుర్రాడు నా మెడ వైపు చూసి, "మీకు కూడా ఇంకా బ్యాడ్జి ఇవ్వలేదా అండీ, ఈ వారమే చేరారా?" అని అడిగాడు.