ఇకెబానా: మూడు కొమ్మలు పడిపోకుండా ఎలా అమర్చాలి?

జపాన్‌వాళ్ల పూల అమరిక కళ ఇకెబానా అనగానే చాలామంది బుట్టెడు పూలు కొనుక్కొచ్చేస్తారు. అన్ని అక్కర్లేదు. మూడు కొమ్మలు, రెండు మూడు పూలు చాలు. జపాన్‌లో అన్నిటికన్నా పాతది క్యోటోలోని ఇకెనోబో సంప్రదాయం. ఇక్కడ చెబుతున్నది మాత్రం 1927లో సోఫు తేషిగహారా మొదలుపెట్టిన సొగెత్సు పద్ధతి. లెక్క స్పష్టంగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి.

లోతు తక్కువున్న వెడల్పాటి పాత్ర, పదునైన కత్తెర, కెన్జాన్ తీసుకోండి. కెన్జాన్ అంటే ఇత్తడి ముళ్లు దిగ్గొట్టిన బరువైన లోహపు దిమ్మ. పాత్ర రంగుల బొమ్మలు లేకుండా సాదాగా ఉండాలి. ఇందులో రాజీ లేదు.

పాత్ర వెడల్పు, లోతు కలిపి ఒకటిన్నర రెట్లు చేస్తే పెద్ద కొమ్మ 'షిన్' పొడవు వస్తుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు, 6 లోతు ఉంటే 54 అన్నమాట. అందులో ముప్పావు వంతు రెండో కొమ్మ 'సోయె', దానిలో ముప్పావు మూడో కొమ్మ 'హికాయె'. అంటే సుమారు 40, 30. కాడల చివర్లు నీళ్లలో ముంచి, నీళ్లలోనే కత్తిరించండి. లేకపోతే కాడలోకి గాలి వెళ్లి నీరు పైకెక్కదు. చామంతిని కత్తిరించకుండా నీళ్లలో చేత్తో విరిస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు కొమ్మ గుచ్చడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. కొమ్మను ముందే వంచి, ఏటవాలుగా ముళ్లలోకి తోస్తారు. అది పట్టదు, కాసేపటికి వాలిపోతుంది. కొమ్మ చివర ఏటవాలుగా కోయండి. కోసిన ముఖం, కొమ్మ వాలాల్సిన దిక్కుకు ఎదురువైపు ఉండాలి. మొదట నిటారుగా, ముళ్ల అడుగు తగిలేదాకా దించండి. ఆ తర్వాతే మొదలు దగ్గర రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వంచండి. పైన పట్టుకుని లాగితే విరుగుతుంది.

నిటారు నుంచి లెక్కేస్తే, షిన్ ఎడమవైపు ముందుకు 15 డిగ్రీలు, సోయె అటే 45, హికాయె కుడివైపు ముందుకు 75 డిగ్రీలు వాలాలి. దానిమ్మ కొమ్మలాంటి గట్టిది దిగకపోతే బలప్రయోగం వద్దు, చివర నిలువుగా చీల్చండి. బరువుకు దిమ్మే లేచిపోతుంటే, ఇంకో కెన్జాన్‌ను వెనక అంచు మీద బోర్లించండి. పూల కాడలు మెత్తన కాబట్టి అడ్డంగా కోసి గుచ్చితే సరిపోతుంది.

కెన్జాన్ బదులు పూలు గుచ్చే పచ్చ ఫోమ్ వాడితే సులువు కదా అంటారు. ఒకసారి గుచ్చిన కన్నం మళ్లీ పూడదు, కోణం మార్చాలంటే కుదరదు, చివరికి పొడి పొడిగా రాలి నీళ్లలో కలుస్తుంది. కెన్జాన్ ఒకసారి కొంటే ఏళ్లకేళ్లు వస్తుంది.

పూలు పొట్టిగా, దిమ్మ కనబడకుండా పెట్టండి. రంగురాళ్లు పోసి కప్పేవాళ్లున్నారు, అది అక్వేరియం అవుతుంది. ముళ్లు మునిగేదాకా నీళ్లు పోసి, రోజూ మార్చండి.